కెనడా సిటిజన్‌షిప్ వచ్చింది, డాలస్‌లో ఆఫర్ ఉంది: టీఎన్ మీద వెళ్లొచ్చా?

మీరు అడిగిందంతా ఒకసారి కుదించి చెబుతాను, చదివే మిగతావాళ్లకి కూడా వీలుగా ఉంటుంది. జేఎన్‌టీయూలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్, కమ్యూనికేషన్) బీటెక్ చేశారు. టొరంటో పక్క మిసిసాగాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఈ మధ్యే ప్రమాణం పూర్తయి కెనడా పాస్‌పోర్టు చేతికొచ్చింది. డాలస్ కంపెనీ ఒకటి సీనియర్ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌గా ఆఫర్ ఇచ్చి, టీఎన్ (కెనడా, మెక్సికో వృత్తి నిపుణులు అమెరికాలో పనిచేయడానికి ఇచ్చే అనుమతి) మీద వచ్చేయమంటోంది. మీ భార్యది ఇండియన్ పాస్‌పోర్టే, కెనడా పీఆర్ (శాశ్వత నివాస హోదా) ఉంది, అకౌంటెంట్‌గా పనిచేస్తున్నారు, సిటిజన్‌షిప్ దరఖాస్తుకి ఇంకా కొన్ని నెలలు తక్కువ. పాప కెనడాలోనే పుట్టింది. టీఎన్ రావడం తేలికేనా, ఆవిడ అక్కడ ఉద్యోగం చేసుకోవచ్చా, గ్రీన్‌కార్డు పరిస్థితి ఏమిటి అన్నవి మీ ప్రశ్నలు.

ముందు సూటిగా జవాబులు. టీఎన్ రావడం తేలికే, కాగితాలు సరిగ్గా ఉంటే. మీ మీద డిపెండెంట్‌గా వస్తే ఆవిడ ఉద్యోగం చేయకూడదు. గ్రీన్‌కార్డుకి టీఎన్ దారి చూపదు, ఇండియాలో పుట్టిన మీకు కెనడా పాస్‌పోర్టు ఆ విషయంలో ఏమీ కలిసిరాదు. ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే మీ ఇంట్లో ముందు తేల్చుకోవాల్సింది ఆవిడ సిటిజన్‌షిప్ సంగతి అని నాకు అనిపిస్తోంది. ఎందుకో కింద వివరంగా రాస్తాను.

నేను లాయర్‌ని కాను. కానీ చాలా ఏళ్లు టీఎన్ మీద పనిచేశాను, తర్వాత మేనేజర్‌గా కెనడా నుంచి తెచ్చుకున్నవాళ్ల సపోర్ట్ లెటర్లు (బోర్డర్‌లో చూపడానికి కంపెనీ ఇచ్చే ఉద్యోగ వివరాల లేఖలు) దగ్గరుండి రాయించాను. ఎక్కడ పని జరుగుతుందో, ఎక్కడ ఆగిపోతుందో తెలుసు.

టీఎన్ అనేది అమెరికా, కెనడా, మెక్సికోల వాణిజ్య ఒప్పందంలో ఒక భాగం. 1994 జనవరి 1న నాఫ్టాతో మొదలైంది, 2020 జూలై 1న దాని స్థానంలో వచ్చిన యూఎస్‌ఎంసీఏలోనూ కొనసాగింది. కెనడా, మెక్సికో పౌరులకే ఇది. కెనడా పీఆర్ ఎన్నేళ్లుగా ఉన్నా పనికిరాదు. ఒకసారికి గరిష్ఠంగా మూడేళ్లు ఇస్తారు, ఆ తర్వాత ఎన్నిసార్లయినా పొడిగించుకోవచ్చు, అమెరికా మామూలు వర్క్ వీసా హెచ్1బీకి ఉన్నట్టు ఆరేళ్ల హద్దు లేదు. లాటరీ లేదు, ఏడాదికి ఇన్నే అన్న కోటా లేదు. కార్మిక శాఖ దగ్గర ఎల్‌సీఏ (జీతం, పని పరిస్థితుల మీద కంపెనీ ఇచ్చే హామీ పత్రం) వేయాల్సిన పని లేదు. 2025 సెప్టెంబరు 21 నుంచి కొత్త హెచ్1బీల మీద పెట్టిన లక్ష డాలర్ల ఫీజు కూడా దీనికి వర్తించదు. కంపెనీలు ఇప్పుడు కెనడా పాస్‌పోర్టు అనగానే ఉత్సాహపడటానికి కారణం ఇదే.

మెక్సికో వాళ్లు కాన్సులేట్‌లో వీసా తీసుకోవాలి. కెనడా వాళ్లకి స్టాంపింగ్ ఏమీ లేదు. కాగితాలు పట్టుకుని నేరుగా బోర్డర్‌కి గానీ, అమెరికా ఇమిగ్రేషన్ ముందుగానే పూర్తిచేసే టొరంటో పియర్సన్ లాంటి ఎయిర్‌పోర్టుకి గానీ వెళ్తే అక్కడే ఆఫీసర్ చూసి, 50 డాలర్ల ఫీజు తీసుకుని, అప్పటికప్పుడు తేల్చేస్తాడు. ఇందులో ఉన్న సుఖమూ, చిక్కూ రెండూ ఇదే. నెలల తరబడి ఎదురుచూడక్కర్లేదు. కానీ మీ ఎదురుగా ఉన్న ఒక్క మనిషికి పది పదిహేను నిమిషాల్లో నమ్మకం కుదరాలి.

ఆ నమ్మకం ముక్కాలి పీట లాంటిది. ఒప్పందంలోని జాబితాలో ఉన్న వృత్తి, మీ డిగ్రీ, మీరు చేయబోయే పని, ఈ మూడూ ఒకదానికొకటి అతకాలి. ఆ జాబితాలో అరవైకి పైగా వృత్తులున్నాయి. మనవాళ్లు ఎక్కువగా వాడేవి ఇంజనీర్, కంప్యూటర్ సిస్టమ్స్ అనలిస్ట్, అకౌంటెంట్, ఫార్మసిస్ట్, రిజిస్టర్డ్ నర్స్. విండ్సర్‌లో ఇల్లు పెట్టుకుని రోజూ నది దాటి డెట్రాయిట్ ఆసుపత్రుల్లో డ్యూటీ చేసే నర్సులు వచ్చేదీ దీని మీదే (వాళ్లకి చదువు, లైసెన్సు సరిచూసి ఇచ్చే వీసాస్క్రీన్ సర్టిఫికెట్ అదనంగా కావాలి). డాక్టర్లకి మాత్రం బోధన, పరిశోధన వరకే, రోగుల్ని చూసే ప్రాక్టీసుకి కాదు.

గమనించారో లేదో, జాబితాలో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ అని విడిగా లేదు. ప్రోగ్రామర్ అసలే లేదు. 1990ల మొదట్లో రాసుకున్న జాబితా, అప్పటి ఉద్యోగాల పేర్లే ఇప్పటికీ ఉన్నాయి. అందుకే మన ఐటీ వాళ్లు ఇంజనీర్ కిందో, సిస్టమ్స్ అనలిస్ట్ కిందో వెళ్లాలి. ఏది ఎంచుకోవాలో డిగ్రీని బట్టి, అంతకంటే ముందు పనిని బట్టి తేల్చాలి.

ఇంజనీర్ కేటగిరీకి ఇంజనీరింగ్ డిగ్రీ గానీ, రాష్ట్ర లేదా ప్రావిన్స్ లైసెన్స్ గానీ కావాలి. మీకు బీటెక్ ఉంది కాబట్టి ఇటువైపు మొగ్గు ఉంటుంది. అయితే ఈసీఈ బీటెక్, సాఫ్ట్‌వేర్ పని. 2025 జూన్‌లో యూఎస్‌సీఐఎస్ (అమెరికా ఇమిగ్రేషన్ దరఖాస్తులు చూసే సంస్థ) తన పాలసీ మాన్యువల్‌లో టీఎన్ భాగాన్ని సవరించాక, డిగ్రీ ఏ బ్రాంచి, పని ఏ ఇంజనీరింగ్ అన్న ప్రశ్న ఇంకా గట్టిగా వినిపిస్తోంది. మీరు బీటెక్‌లో చదివిన డేటా స్ట్రక్చర్స్, కంప్యూటర్ ఆర్గనైజేషన్, నెట్‌వర్క్స్, మైక్రోప్రాసెసర్స్ లాంటి సబ్జెక్టులు ఈ పనికి ఎలా పునాదో లెటర్‌లో ఒక పేరా పెట్టించండి. కమ్యూనికేషన్ నెట్‌వర్క్‌లకి సంబంధించిన ప్రాజెక్టు అయితే మీ పని సగం తేలిపోయినట్టే.

సిస్టమ్స్ అనలిస్ట్ కేటగిరీకి డిగ్రీ, లేదంటే పోస్ట్ సెకండరీ డిప్లొమాతో పాటు మూడేళ్ల అనుభవం సరిపోతుంది. ఇక్కడ మనవాళ్లు బోల్తా పడే సంగతి ఒకటుంది. ఆ డిప్లొమా కెనడాలో గానీ అమెరికాలో గానీ గుర్తింపు ఉన్న సంస్థ ఇచ్చినదై, రెండేళ్లకు తక్కువ కాని కోర్సు అయ్యుండాలని ఒప్పందంలోనే నిర్వచించారు. హైదరాబాద్ పాలిటెక్నిక్ డిప్లొమా లెక్కలోకి రాదు. ఒంటారియో కాలేజీలో రెండేళ్లు చదివిన డిప్లొమా వస్తుంది. అలాగే హెచ్1బీలో మూడేళ్ల అనుభవాన్ని ఒక ఏడాది చదువుగా లెక్కకట్టే పద్ధతి ఉంది కదా, టీఎన్‌లో అది నడవదు. డిగ్రీ అన్నచోట డిగ్రీయే చూపాలి. ఇండియాలో మూడేళ్ల బీఎస్సీ, బీకాం మాత్రమే ఉన్నవాళ్లు ఇవాల్యుయేషన్‌లో (ఆ చదువు అమెరికాలో దేనికి సమానమో తేల్చే నివేదికలో) ఏం వస్తుందో చూసుకోకుండా టికెట్లు బుక్ చేసుకోవద్దు. పైన ఎంసీఏనో ఎంకామ్‌నో ఉంటే కొంత నయం.

ఇంకో కేటగిరీ గురించి హెచ్చరిక. ఏదీ అతకనప్పుడు కొన్ని కన్సల్టెన్సీలు "మేనేజ్‌మెంట్ కన్సల్టెంట్ కింద వెళ్లిపోండి, డిగ్రీ లేకపోయినా ఐదేళ్ల అనుభవం చాలు" అంటాయి. నిబంధన అలాగే ఉంది, నిజమే. కాబట్టే ఆఫీసర్లకి ఆ పేరు వింటేనే అనుమానం. కంపెనీలో రోజువారీ ఖాళీని పూరించే ఉద్యోగికి అది వర్తించదు, బయటినుంచి వచ్చి ఒక సమస్య మీద సలహా ఇచ్చే మనిషి కోసం పెట్టిన కేటగిరీ అది. దానికి తగ్గ పని కాకపోతే ఆ జోలికి పోవద్దు.

ఇక లెటర్. నా దృష్టిలో టీఎన్ అంటే తొంభై శాతం ఈ లెటరే. హెచ్ఆర్ వాళ్లు సాధారణంగా జాబ్ పోస్టింగ్‌లో ఉన్న బాధ్యతల్ని కాపీ చేసి లెటర్‌హెడ్ మీద అతికించి పంపిస్తారు. నా ముందుకొచ్చిన డ్రాఫ్టుల్లో చాలావాటిలో వరస ఇలా ఉండేది: "జావా, స్ప్రింగ్ బూట్‌లో కోడ్ రాయడం, యూనిట్ టెస్టులు, బగ్ ఫిక్సులు, ప్రొడక్షన్ సపోర్ట్, టీమ్‌తో కలిసిమెలిసి పనిచేయడం." పైన మాత్రం కంప్యూటర్ సిస్టమ్స్ అనలిస్ట్ అని కేటగిరీ. ఆఫీసర్ రెండు లైన్లు చదివి ఇది ప్రోగ్రామర్ పని అంటాడు, ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. అనలిస్ట్ కొంత కోడ్ రాయొచ్చు గానీ పని మొత్తం కోడింగే అయితే ఆ కేటగిరీలోకి రాదు.

అదే మనిషి చేసే పనిని సరిగ్గా అడిగి రాస్తే లెటర్ వేరేలా ఉంటుంది. వ్యాపార విభాగాల అవసరాలు తెలుసుకుని ఇప్పుడున్న వ్యవస్థని విశ్లేషించడం, కొత్తదానికి డేటా ఎటునుంచి ఎటు పారాలో నిర్ణయించడం, స్పెసిఫికేషన్ రాయడం, ప్రత్యామ్నాయాల్ని పోల్చి సిఫారసు చేయడం, డెవలపర్లు కట్టినది ఆ డిజైన్‌కి సరిపోయిందా అని పరీక్షించడం. ప్రతిదానికీ రోజులో ఎంత వంతు పడుతుందో శాతం వేయడం. ఇంజనీర్ కేటగిరీ అయితే ఆర్కిటెక్చర్ డిజైన్, లోడ్ ఎంత తట్టుకుంటుందన్న లెక్కలు, ఒక భాగం ఫెయిలైతే మిగతాది ఎలా నిలబడాలన్న ప్రణాళిక ముందుకు రావాలి. లేని పని ఉన్నట్టు రాయమని నేను చెప్పడం లేదు, అబద్ధం చెప్పి దొరికితే జీవితాంతం అమెరికాకి దూరమయ్యే ప్రమాదం ఉంది. నిజంగా చేసే పనిలో జాబితాకి సంబంధించినది మరుగున పడకుండా రాయమంటున్నాను. పని నిజంగానే పూర్తిగా కోడింగ్ అయితే ఆ సంగతి ఇప్పుడే కంపెనీ లాయర్‌తో మాట్లాడండి, బోర్డర్‌లో కాదు.

లెటర్‌లో తప్పనిసరిగా ఉండాల్సినవి మరికొన్ని. జాబితాలోని వృత్తి పేరు ఉన్నదున్నట్టు, మీ చదువు, జీతం, ఎక్కడ పనిచేస్తారు, ఎంతకాలం. ఈ ఎంతకాలం దగ్గర ఆఫర్ లెటర్ కొంపముంచుతుంది. అందులో "ఫుల్‌టైమ్ పర్మనెంట్ పొజిషన్" అని ఉంటుంది, సపోర్ట్ లెటర్‌లో తాత్కాలికం అని ఉంటుంది. ఉద్యోగం పర్మనెంట్ అయినా మీ బస తాత్కాలికమే అన్నది చట్టం ఒప్పుకునే మాటే, కానీ రెండు కాగితాలు రెండు రకాలుగా మాట్లాడితే ప్రశ్నలు మొదలవుతాయి. మూడేళ్ల వరకు తాత్కాలికంగా అని స్పష్టంగా రాయించండి, ఆఫర్ లెటర్‌లో ఆ పర్మనెంట్ మాట తీయించండి.

సర్టిఫికెట్ల విషయం. పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్), సీఎంఎం (మొత్తం మార్కుల మెమో) ఉన్నాయి కదా అని చాలామంది ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) సంగతి మర్చిపోతారు, ఏళ్లు గడిచినా అది యూనివర్సిటీలోనే ఉంటుంది. మీది కూడా అలాగే ఉంటే ఈ రోజే అప్లై చేయించండి, బోర్డర్‌లో చూపాల్సింది ఒరిజినల్ డిగ్రీ. కెనడా పీఆర్ కోసం ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అప్పుడు చేయించిన వెస్ (డిగ్రీలని పోల్చి చూసే సంస్థ) రిపోర్టు ఇక్కడ పూర్తిగా సరిపోదు. అది కెనడా చదువుతో సమానమని చెబుతుంది, ఇప్పుడు కావలసింది అమెరికా బ్యాచిలర్స్‌తో సమానమని చెప్పే ఇవాల్యుయేషన్. ఇక మన పేర్ల గొడవ తెలిసిందే. మార్కుల మెమోలో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో వెనక, ఎక్కడో ఒకచోట పొట్టక్షరమే. రద్దయిన పాత ఇండియన్ పాస్‌పోర్టు ఉంటే వెంట పెట్టుకోండి, రెండూ ఒకే మనిషివని చూపడానికి పనికొస్తుంది.

బోర్డర్ ఎంచుకునే విషయంలో నా సలహా, మొదటిసారి అయితే రోడ్డు దారి. మిసిసాగా నుంచి నయాగరా రెయిన్‌బో బ్రిడ్జో, ఫోర్ట్ ఎరీ దగ్గర పీస్ బ్రిడ్జో అందుబాటులోనే ఉన్నాయి, రెండుచోట్లా టీఎన్‌లు రోజూ చూసేవాళ్లే ఉంటారు. లెటర్‌లో ఏదైనా లోపం ఉందంటే వెనక్కి తిరిగి వచ్చి సరిచేయించుకుని మళ్లీ వెళ్లొచ్చు. ఎయిర్‌పోర్టులో అయితే విమానం టైమ్ నెత్తిమీద ఉంటుంది, ఆ టెన్షన్ మొహంలో కనిపిస్తుంది. వారం మధ్యలో పగటిపూట వెళ్లండి, ఉద్యోగంలో చేరే తేదీకి కనీసం పది రోజుల ముందు.

ఆఫీసర్ అడిగేవి చిన్నచిన్న ప్రశ్నలే. ఏం పని చేస్తావు? డిగ్రీ ఎందులో? ఈ పనికి ఆ డిగ్రీ ఎందుకు కావాలి? ఎన్నాళ్లు ఉంటావు? కుటుంబం ఎక్కడుంది? "ఏం పని" అంటే మనవాళ్లు అలవాటుగా "కోడింగ్ అండీ, జావా" అనేస్తారు. లెటర్‌లో ఉన్న పనినే మీ మాటల్లో, ఇంట్లో పెద్దవాళ్లకి అర్థమయ్యేలా చెప్పడం రెండుమూడుసార్లు సాధన చేయండి. ఎన్నాళ్లు అంటే మూడేళ్లు, తర్వాత కెనడాకి. "గ్రీన్‌కార్డు చూసుకుంటాం" అన్న మాట అక్కడ నోట రాకూడదు. మీ మనసులో నిజంగా ఉన్నది అదే అయితే టీఎన్ మీకు సరైన దారి కాదు, దాని గురించి కిందకి వస్తాను.

కాదంటే గొడవపడొద్దు. మర్యాదగా, నా దరఖాస్తు వెనక్కి తీసుకుంటాను అని అడగండి. చాలావరకు ఒప్పుకుంటారు, ఒక ఫారం మీద సంతకం చేయించుకుని పంపిస్తారు. అది రికార్డులో ఉంటుంది, ఇకముందు అడిగినప్పుడు దాచకూడదు, కానీ ఐదేళ్లు రానివ్వకుండా చేసే ఎక్స్‌పెడైటెడ్ రిమూవల్ కంటే వెయ్యి రెట్లు మేలు. ఈ తలనొప్పంతా వద్దనుకుంటే కంపెనీ ముందుగానే యూఎస్‌సీఐఎస్‌కి ఐ-129 అనే పిటిషన్ వేయొచ్చు, అదనపు ఫీజు కట్టే ప్రీమియం ప్రాసెసింగ్‌లో పదిహేను పనిదినాల్లో జవాబొస్తుంది. ఖర్చు ఎక్కువ. మీ ఈసీఈ డిగ్రీని, మీ పనిని చూస్తే అడిగి చూడటం మంచిదే అనిపిస్తోంది.

లోపలికి వెళ్లాక ఆన్‌లైన్‌లో ఐ-94 (ఏ హోదాలో, ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ప్రవేశ రికార్డు) తీసి చూసుకోండి. టీఎన్ అనే ఉందా, తేదీ సరిగ్గా ఉందా. పాస్‌పోర్టు గడువు ముందే అయిపోతుంటే తేదీని అక్కడికే కుదిస్తారు. మీది కొత్త పాస్‌పోర్టు కాబట్టి ఆ ఇబ్బంది లేదు.

ఇప్పుడు అసలు సంగతి, మీ శ్రీమతి గారిది. టీఎన్ మీద ఉన్నవాళ్ల భార్యాపిల్లలకి టీడీ ఇస్తారు. వాళ్లు ఏ దేశస్థులైనా కావచ్చు. పాప కెనడా పౌరురాలు కాబట్టి వీసా అవసరం లేకుండా మీతో వస్తుంది. ఆవిడకి ఇండియన్ పాస్‌పోర్టు కాబట్టి కాన్సులేట్‌లో అపాయింట్‌మెంట్ తీసుకుని టీడీ వీసా స్టాంప్ వేయించుకోవాలి. మీ టీఎన్ కాగితాలు, పెళ్లి సర్టిఫికెట్ పెడితే మామూలుగా ఇబ్బంది ఉండదు, అపాయింట్‌మెంట్ దొరకడమే ఆలస్యం. అసలు బాధ ఆ తర్వాత. టీడీ మీద చదువుకోవచ్చు, పని చేయకూడదు. హెచ్4 (హెచ్1బీ వాళ్ల డిపెండెంట్లు) వాళ్లకి కొందరికి దొరికే ఈఏడీ (పని అనుమతి కార్డు) లాంటిది టీడీకి లేదు, మూడేళ్లున్నా ఆరేళ్లున్నా లేదు. అకౌంటెంట్‌గా సంపాదించుకుంటున్న మనిషి డాలస్ శివార్లలో అపార్ట్‌మెంట్‌లో కూర్చోవడం అంటే ఏమిటో ఇద్దరూ మాట్లాడుకునే ఉంటారు, నేను చెప్పేదేముంది.

అది ఒక ఎత్తయితే ఆవిడ సిటిజన్‌షిప్ ఇంకో ఎత్తు. దరఖాస్తు చేయడానికి గత ఐదేళ్లలో 1,095 రోజులు కెనడాలో ఉండాలి. డాలస్‌లో గడిపిన రోజులు అందులోకి రావు. అంటే ఇప్పుడు మీతో వచ్చేస్తే కొన్ని నెలల్లో పూర్తయ్యే లెక్క ఆగిపోతుంది, ఆపైన వెనకటి రోజులు ఐదేళ్ల పరిధి దాటి ఒక్కొక్కటే జారిపోతుంటాయి. పీఆర్ మాత్రం పోదు. దానికి ఐదేళ్లలో 730 రోజులు కావాలి గానీ, కెనడా పౌరుడైన భర్తతో కలిసి విదేశంలో ఉన్న రోజుల్ని కూడా లెక్కిస్తారు. ఈ మినహాయింపు గురించి విని "పీఆర్ భద్రమే కదా" అని బయల్దేరేవాళ్లున్నారు. పీఆర్ భద్రమే, సిటిజన్‌షిప్ గడియారం మాత్రం ఆగిపోతుంది.

ఆవిడ ఆగి సిటిజన్‌షిప్ తీసుకుంటే ఏమవుతుందంటే, అకౌంటెంట్ కూడా టీఎన్ జాబితాలో ఉంది. డిగ్రీ గానీ, సీపీఏ (అకౌంటెంట్ల వృత్తి అర్హత) గానీ ఉంటే చాలు. అప్పుడు ఆవిడ మీ మీద ఆధారపడకుండా సొంత టీఎన్ మీద ఉద్యోగం చేసుకోవచ్చు. ఇండియా బీకాం ఒక్కటే ఉంటే ఇవాల్యుయేషన్ గొడవ వస్తుంది, అదే కెనడా సీపీఏ పూర్తిచేసి ఉంటే డిగ్రీ ప్రశ్నే రాదు. ఒక చిన్న జాగ్రత్త: ఫైనాన్షియల్ అనలిస్ట్ లాంటి పేర్లు జాబితాలో లేవు. వాటిని ఎకనమిస్ట్ కింద తెచ్చే దారిని యూఎస్‌సీఐఎస్ 2017లోనే మూసేసింది. అకౌంటింగ్ పనే అయ్యుండాలి.

గ్రీన్‌కార్డు. మన కెనడా తెలుగువాళ్లలో బలంగా పాతుకుపోయిన అపోహ ఒకటుంది, కెనడా పాస్‌పోర్టు వస్తే ఇండియా క్యూ నుంచి బయటపడతామని. క్యూ పౌరసత్వాన్ని బట్టి కాదు, పుట్టిన దేశాన్ని బట్టి. మీరు ఏ పాస్‌పోర్టు చూపినా ఉద్యోగం మీద గ్రీన్‌కార్డు ఇచ్చే ఈబీ-2, ఈబీ-3 కేటగిరీలలో ఇండియా వరసలోనే నిలబడాలి, ఆ వరస పదేళ్లకు పైమాటే. పాప కెనడాలో పుట్టడం మీకు ఉపయోగపడదు, పిల్లల పుట్టుక తల్లిదండ్రులకి వర్తించదు. భార్య పుట్టుక వర్తిస్తుంది. మామగారు గల్ఫ్‌లో పనిచేసే రోజుల్లో ఆవిడ కువైట్‌లోనో దుబాయ్‌లోనో పుట్టి ఉంటే, మీ దరఖాస్తుని ఆ దేశం కోటాలో వేయించుకోవచ్చు. మనవాళ్లలో ఇలాంటివాళ్లు తక్కువేం కాదు, చాలామందికి ఈ సంగతి తెలియదు. ఒకసారి ఆవిడ బర్త్ సర్టిఫికెట్ చూడండి, మొత్తం ప్లానే మారిపోవచ్చు.

ఆవిడ కూడా ఇండియాలోనే పుట్టారనుకుందాం. హెచ్1బీ, ఎల్1 (ఒకే కంపెనీలో బదిలీ మీద వచ్చే వీసా) మీద ఉన్నవాళ్లు గ్రీన్‌కార్డు కోరుకుంటున్నా స్టేటస్‌కి ఇబ్బంది లేదు. టీఎన్‌కి ఆ వెసులుబాటు లేదు, మీ బస తాత్కాలికమని ప్రతిసారీ నిరూపించుకోవాలి. ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) వేసినంత మాత్రాన టీఎన్ రద్దయిపోదు గానీ, తర్వాతి రెన్యువల్‌లో, ప్రతి ప్రయాణంలో ఆ ప్రశ్న వెంటాడుతుంది. ఐ-485 (గ్రీన్‌కార్డు చివరి దరఖాస్తు) వేశాక మళ్లీ టీఎన్ మీద లోపలికి రావడం కుదరదనే అనుకోండి. పదేళ్లకు పైగా సాగే క్యూలో ఈ కత్తి మీద సాము చేయలేరు.

అందుకే గ్రీన్‌కార్డు కావాలనుకునేవాళ్లు టీఎన్ మీద వెళ్లి చేరి, మార్చిలో కంపెనీ చేత హెచ్1బీ లాటరీ వేయిస్తుంటారు. ఏడాదికి 85,000 మాత్రమే, రాకపోతే మరుసటి ఏడాది మళ్లీ. అమెరికాలో ఉంటూనే స్టేటస్ మార్చుకునేవాళ్లకి ఆ లక్ష డాలర్ల ఫీజు వర్తించదని యూఎస్‌సీఐఎస్ 2025 అక్టోబరులో స్పష్టం చేసింది, కాబట్టి లోపల ఉండి మారడంలో ఇప్పుడు పెద్ద లాభమే ఉంది. హెచ్1బీ వచ్చాక ఐ-140 ఆమోదం పొందితే ఆరేళ్ల తర్వాత కూడా పొడిగించుకోవచ్చు, భార్య హెచ్4 మీద ఉంటే ఈఏడీకి అర్హత వస్తుంది. ఈ నిబంధనలు ఏడాదికోసారి అటూ ఇటూ అవుతున్నాయి, దరఖాస్తు చేసేనాటికి ఏముందో చూసుకోండి. ఆఫర్‌కి ఓకే చెప్పేముందే "హెచ్1బీ వేస్తారా, ఎప్పుడు వేస్తారు, గ్రీన్‌కార్డు ప్రాసెస్ ఎన్నాళ్లకి మొదలుపెడతారు" అని రిక్రూటర్‌ని ఈమెయిల్‌లో అడగండి. నోటిమాట లెక్కలోకి రాదు.

ఉద్యోగం పోతే టీఎన్‌కీ అరవై రోజుల గ్రేస్ ఉంది, ఐ-94 అంతకంటే ముందే ముగియకపోతే. కంపెనీ మారడం మాత్రం హెచ్1బీ లాగా కాదు. అక్కడ పిటిషన్ వేయగానే కొత్తచోట చేరిపోవచ్చు. టీఎన్‌లో కొత్త కంపెనీ పేరుమీద ఆమోదం వచ్చాకే మొదటి రోజు. అందుకని చాలామంది ఒక వారాంతం బోర్డర్‌కి వెళ్లి కొత్త టీఎన్ తెచ్చుకుని సోమవారం చేరుతుంటారు. కన్సల్టెన్సీ ద్వారా వెళ్లేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. బెంచ్ మీద కూర్చోబెట్టే అలవాటున్న చోట టీఎన్ ప్రమాదం, పని లేకపోతే స్టేటస్సే లేనట్టు. క్లయింట్ లెటర్ లేకుండా బోర్డర్‌కి పంపితే వెళ్లకండి.

టాక్స్ విషయం క్లుప్తంగా. భార్య, పాప, ఇల్లు కెనడాలోనే ఉంటే మీరు డాలస్‌లో ఉన్నా కెనడా మిమ్మల్ని రెసిడెంట్‌గానే చూసే అవకాశం ఎక్కువ, ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా అక్కడ చూపాలి. అమెరికాలో కట్టిన పన్నుకి క్రెడిట్ వస్తుంది గానీ, ఒంటారియో రేట్లకీ టెక్సస్‌కీ (అక్కడ రాష్ట్ర ఆదాయపన్ను లేదు) ఉన్న తేడా మీ జేబులోంచే పోతుంది. కెనడా రిటైర్‌మెంట్ పొదుపు ఖాతా ఆర్‌ఆర్‌ఎస్‌పీని అమెరికా గుర్తిస్తుంది, అక్కడి పన్ను లేని పొదుపు ఖాతా టీఎఫ్‌ఎస్‌ఏని గుర్తించదు, అందులో వచ్చిన లాభం అమెరికాలో పన్ను పరిధిలోకి వస్తుంది. రెండు దేశాల రిటర్నులూ చేసే అకౌంటెంట్‌ని ఒక గంట కూర్చోబెట్టి మాట్లాడండి, మీ ఇంట్లోనే అకౌంటెంట్ ఉన్నా సరే.

ఒప్పందమే పోతే ఎలా అన్న అనుమానం కూడా రావచ్చు. 2026 జూలై 1న మూడు దేశాలూ కలిసి సమీక్షించాలని ఒప్పందంలోనే ఉంది. ఆ సమీక్షలో పొడిగింపుకి ఒప్పుకోకపోయినా వెంటనే రద్దు కాదు, 2036 వరకు అమల్లో ఉంటుంది, మధ్యలో ఏటా చర్చలు జరుగుతాయి. ఏ దేశమైనా ఆరు నెలల నోటీసుతో తప్పుకోవచ్చు, అది వేరే సంగతి. దాని గురించి ఇప్పుడే నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు.

మీ స్థానంలో నేనుంటే ఇలా చేస్తాను. కంపెనీని ముందు రిమోట్‌గా మొదలుపెట్టనిమ్మని అడుగుతాను. కెనడాలో కూర్చుని అమెరికా కంపెనీకి పనిచేయడానికి టీఎన్ అక్కర్లేదు, పేరోల్ ఎలా నడపాలన్నదే వాళ్ల సమస్య. ఆవిడ 1,095 రోజులు పూర్తిచేసి సిటిజన్‌షిప్‌కి అప్లై చేసేదాకా అలా లాగుతాను. దరఖాస్తు పెట్టాక కొంతకాలం అటూ ఇటూ తిరిగినా ఫర్వాలేదు, ప్రమాణం రోజున మాత్రం కెనడాలో ఉండాలి. రిమోట్‌కి ఒప్పుకోకపోతే నేనొక్కణ్నే టీఎన్ మీద వెళ్లి, నెలకో రెండుసార్లు వచ్చిపోతూ ఆ కొన్ని నెలలు గడుపుతాను. ఎలాగైనా ఆవిడ ఉద్యోగం ఇప్పుడే మాన్పించను. మీ లెటర్ డ్రాఫ్ట్ వచ్చాక పేర్లు, జీతం తీసేసి బాధ్యతల భాగం మాత్రం ఇక్కడ పెట్టండి, ఇంజనీర్ కిందకి వస్తుందో అనలిస్ట్ కిందకి వస్తుందో చూసి చెబుతాను.